టేకాఫ్‌లో ఇంజిన్ పవర్ పడిపోయింది, తప్పు నాదేనా?

ఆమదాలవలస_కుర్రాడు
కమర్షియల్ పైలట్ లైసెన్సు కోసం ఉత్తరాదిలో ఒక ఫ్లయింగ్ స్కూల్లో చేరి పది నెలలైంది. ఇప్పటికి 92 గంటలు ఎగిరాను. సెలవు పెట్టి ఇంటికొచ్చాను కానీ రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. ఇక్కడ తెలిసినవాళ్లు ఉన్నారని రాస్తున్నాను.

విమానం సెస్నా 172, ఒకే ఇంజిన్ ఉన్న చిన్నది. పాతది, కార్బ్యురేటర్ ఇంజిన్. రెండు రోజులుగా ఎడతెరిపి లేని వాన. హ్యాంగర్‌లో చోటు లేక విమానాన్ని బయటే కట్టేశారు. మూడో రోజు తెల్లవారుజామున ప్రీఫ్లైట్ తనిఖీ నేనే చేశాను. రెండు రెక్కల కిందా డ్రెయిన్ చేసి, అంటే ట్యాంకు అడుగు పెట్రోలు కొంచెం కప్పులోకి వదిలి చూశాను, కప్పులో నీటి బుడగ ఒక్కటీ లేదు. రన్‌అప్‌లో (టేకాఫ్‌కి ముందు ఇంజిన్ పరీక్ష) రెండు మ్యాగ్నెటోలూ (స్పార్క్ ఇచ్చే భాగాలు) బాగున్నాయి. మా ముందు ఇంకో విమానం ఉండడంతో రన్‌వే పక్కన పన్నెండు నిమిషాలు ఇంజిన్ ఐడిల్‌లో (నెమ్మదిగా తిరుగుతూ) ఉంచి ఆగాం.

గాల్లోకి లేచాక 250 అడుగుల దగ్గర ఇంజిన్ దగ్గినట్టయింది. ఆర్‌పీఎం 2400 నుంచి 1700కి పడింది, లేచింది, మళ్లీ పడింది. ఇన్‌స్ట్రక్టర్ గారు కంట్రోల్స్ తీసుకుని, ముక్కు దించి, ఎదురుగా మిగిలిన రన్‌వే మీదే దింపేశారు. చివర్లో కొంచెం గడ్డిలోకి వెళ్లాం. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

నా బాధ ఆ తర్వాతది. "కార్బ్యురేటర్‌లో మంచు పట్టింది, కార్బ్ హీట్ వాడలేదు, ట్రైనీ పొరపాటు" అని నా ట్రైనింగ్ రికార్డులో రాసేశారు. కార్బ్ హీట్ అంటే కార్బ్యురేటర్‌లోకి వేడి గాలి పంపే పిడి. ఆ రోజు 26 డిగ్రీలు. అంత వేడిలో మంచు పడుతుందా? నేను నిజంగా తప్పు చేస్తే ఒప్పుకుంటాను. చేసిందేమిటో తెలియాలి కదా.

పైడితల్లి_వీధి
ముందు ప్రాణాలతో బయటపడ్డావు, అది చాలు తమ్ముడూ. 26 డిగ్రీల్లో మంచు అంటే మా విజయనగరంలో చిన్నపిల్లాడు కూడా నమ్మడు. నిన్ను బలి చేశారు.

బొబ్బిలి_ఫిజిక్స్
పైడితల్లి గారూ, నమ్మాల్సిందే. ఇంజెక్షన్ చేసే ముందు నర్సమ్మ చేతి మీద స్పిరిట్ రాస్తే చల్లగా తగులుతుంది కదా? స్పిరిట్ ఆవిరైపోతూ చర్మం నుంచి వేడి లాక్కుంటుంది. కార్బ్యురేటర్‌లోనూ అదే జరుగుతుంది. పెట్రోలు సన్నటి తుంపరై ఆవిరవుతుంది. పైగా ఆ ఇరుకు గొంతులో గాలి వేగం పెరిగి ఒత్తిడి పడిపోతుంది. రెండూ కలిసి లోపలి ఉష్ణోగ్రతను ముప్పై డిగ్రీలకు పైగా కిందికి లాగేయగలవు. గాలిలో తేమ ఉంటే అది థ్రాటిల్ రేకు (గాలి దారిని తెరిచే, మూసే రేకు) చుట్టూ మంచై అంటుకుంటుంది.

21 డిగ్రీల లోపు, తేమ 80 శాతం పైన ఉన్నప్పుడు ఎక్కువ ప్రమాదం అంటారు. బయట 38 డిగ్రీలున్నా, తేమ 50 శాతమే ఉన్నా పట్టే అవకాశం ఉందని పైలట్ల పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. వాన పడిన మర్నాడు ఉదయం 26 డిగ్రీలంటే మంచుకు అనుకూలమైన రోజే. కాబట్టి స్కూలు వాళ్లు చెప్పింది అసాధ్యం కాదు. అదే జరిగిందా అన్నది వేరే ప్రశ్న.

డేగా_రిటైర్డ్
విశాఖలోని నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగాలో ఇరవై రెండేళ్లు విమానాల ఇంజిన్లు చూశాను. ఇప్పుడు శ్రీకాకుళంలో విశ్రాంతి.

బొబ్బిలి మేడమ్ గారు చెప్పింది ముమ్మాటికీ నిజం. అయితే మంచు ఎక్కువగా పట్టేది థ్రాటిల్ సగం మూసి ఉన్నప్పుడు, అంటే కిందికి దిగేటప్పుడూ ఐడిల్‌లోనూ. థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఎక్కుతున్నప్పుడు తక్కువ. కానీ బాబు పన్నెండు నిమిషాలు ఐడిల్‌లో ఆగానంటున్నాడు. అప్పుడు పట్టి ఉండొచ్చు. అంతసేపు ఆగితే టేకాఫ్‌కి ముందు కార్బ్ హీట్ ఇంకోసారి లాగి చూడాలి. మంచు ఉంటే ఆర్‌పీఎం ముందు పడుతుంది, ఇంజిన్ కాస్త వణుకుతుంది, మంచు కరిగాక మెల్లగా లేస్తుంది. అది చూశావా?

ఇంకో రెండు ప్రశ్నలు. దిగాక స్ట్రెయినర్ (ఇంజిన్ దగ్గర పెట్రోలు వడకట్టే గిన్నె) విప్పారా? విప్పితే ఏం వచ్చింది? మంచు కరిగిపోతే ఆనవాలు మిగలదు. నీళ్లయితే గిన్నెలో కూర్చుని ఉంటాయి.

నాగావళి77
నా అనుమానం వెంట్ మీద. కిరసనాయిలు డబ్బాకి ఒకే కన్నం పెట్టి వంచండి, గుటుక్ గుటుక్‌మని ఆగి ఆగి వస్తుంది. గాలి లోపలికి పోవడానికి రెండో కన్నం పెడితేనే ధార సాఫీగా వస్తుంది. విమానం ట్యాంకూ అంతే. 172కి ఎడమ రెక్క కింద గాలి గొట్టం ఉంటుంది. వానాకాలంలో కందిరీగలు అందులో మట్టి గూడు పెడతాయి. ట్యాంకులోకి గాలి పోకపోతే పెట్రోలు దిగదు. పడడం, లేవడం, పడడం అని రాశాడు కదా, అచ్చం ఆ లక్షణమే. నా బైకు ట్యాంకు మూత కన్నం మూసుకుపోయి నరసన్నపేట దాకా మూడుసార్లు ఆగింది, మూత తీసి పెట్టగానే బండి కదిలేది.

గజపతినగరం_మెకానిక్
బైకుకీ విమానానికీ పోలికేమిటండీ.

నాగావళి77
పెట్రోలు కిందికి దిగే సూత్రం ఒకటే. 172లో రెక్కలు పైన, ఇంజిన్ కింద. కార్బ్యురేటర్ ఉన్న మోడల్లో పెట్రోలు తన బరువుకే దిగుతుంది. పోల్చకపోతే ఎలా?

ఆమదాలవలస_కుర్రాడు
డేగా గారూ, కార్బ్ హీట్ రన్‌అప్‌లో చూశాను. పన్నెండు నిమిషాలు ఆగాక మళ్లీ చూడలేదు. అది నా తప్పే, రాసుకున్నాను.

నాగావళి గారూ, వెంట్ వేలితో తడిమి చూశాను, తెరిచే ఉంది.

స్ట్రెయినర్ విప్పారు. నన్ను దగ్గరకు రానివ్వలేదు. తోటి ట్రైనీ ఒకడు అక్కడే ఉండి ఫోటో తీసి పంపాడు. ప్లాస్టిక్ సీసాలో పైన నీలం పెట్రోలు, అడుగున వేలెడు మందం తెల్లటి నీళ్లు. మరి డ్రెయిన్ చేసినప్పుడు నాకెందుకు కనబడలేదు? కప్పులో బుడగ గానీ గీత గానీ లేదు. నా కళ్లతో చూశాను. అదే అర్థం కావడం లేదు.

కళింగపట్నం_బోటు
ఏటి బావూ, ఆ కప్పులో ఉన్నదాని రంగేటి?

నేను బోటు ఇంజిన్లు బాగుచేస్తాను. విమానం నాకు తెలీదు, నీళ్లు తెలుసు. డీజిల్ బోటుకి కింద గాజు గిన్నె ఉన్న ఫిల్టరుంటుంది. నీళ్లు బరువు, అడుగుకి దిగుతాయి. గిన్నెలో సగం నీళ్లుంటే మధ్యలో గీత కనబడుతుంది. గిన్నె నిండా నీళ్లే అయితే గీత ఎక్కడ కనబడుతుంది?

ఒక కుర్రాడు చీకట్లో టార్చి వేసి చూసి "గీత లేదు మావయ్యా, శుభ్రంగా ఉంది" అన్నాడు. బయల్దేరారు. ఒడ్డు కనుమరుగవకముందే ఇంజిన్ ఆగింది. గిన్నె విప్పితే డీజిల్ చుక్క లేదు, అంతా నీళ్లే. ఇంకో బోటు తాడు కట్టి లాక్కొచ్చింది. అప్పట్నుంచి గీత కోసం చూడొద్దు, రంగు చూడు, వాసన చూడు అని చెబుతాను.

డేగా_రిటైర్డ్
మేస్టారూ, నేను అడగాల్సిన ప్రశ్న మీరు అడిగారు.

బాబూ, ఏవ్‌గ్యాస్ 100ఎల్ఎల్‌కి (మీ విమానంలో పోసే పెట్రోలు) నీలం రంగు కలిపేది ఇందుకే. కప్పులో నీలం కనబడాలి. కనబడకపోతే అది పెట్రోలు కాదు.

ఆమదాలవలస_కుర్రాడు
చేతులు వణుకుతున్నాయి ఇది రాస్తుంటే.

తెల్లవారలేదు అప్పటికి. ఫోన్ టార్చి నోట్లో పట్టుకుని చూశాను. ఎడమ రెక్క కప్పు లేత నీలంగా ఉందని గుర్తుంది. కుడి రెక్క కప్పు తేటగా ఉంది. తేటగా ఉంది కాబట్టి శుభ్రంగా ఉందనుకున్నాను. నీలం ఉందా అంటే... లేదు. లేదనే అనిపిస్తోంది. వాసన చూడలేదు. కప్పు ఊపి గడ్డిలో పారబోశాను.

స్ట్రెయినర్ పిడి కూడా లాగాను, అది నేల మీద కారింది. కప్పులో పట్టలేదు. అందరం అలాగే చేస్తాం. ఒకరు పైన పిడి లాగి ఇంకొకరు కింద కప్పు పట్టాలి, ఒక్కడికి కుదరదు.

పార్వతీపురం_అమ్మ
మా అమ్మాయి కూడా పైలట్ ట్రైనింగులోనే ఉంది. ఇదంతా చదివి అన్నం సహించలేదు. ఒక కప్పులో రంగు చూడడం మీద పిల్లల ప్రాణాలు ఆధారపడి ఉంటాయని నాకు ఇవాళే తెలిసింది. బాబూ, నువ్వు దాచకుండా రాశావు. మా అమ్మాయికి ఇది మొత్తం పంపిస్తున్నాను.

కోరుకొండ_క్యాడెట్
కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివాను, ఇప్పుడు ఎయిర్‌లైన్స్‌లో ఫస్ట్ ఆఫీసర్ని, అంటే కో-పైలట్ని. ఈ 172 మీదే నేర్చుకున్నాను.

మొత్తం కలిపి చూస్తే ఇలా జరిగి ఉంటుందని నా అంచనా. కుడి ట్యాంకు మూత దగ్గర వాన నీరు దిగింది. ఆ మూత రెక్క పైన సమతలంగా ఉంటుంది, చుట్టూ పళ్లెంలా నీళ్లు నిలుస్తాయి. ఎండకు రబ్బరు వాషర్ గట్టిపడితే చుక్క చుక్క లోపలికి జారుతుంది. ట్యాంకులోంచి ఇంజిన్‌కి పోయే గొట్టం మూతి అడుగు కన్నా కాస్త ఎత్తులో ఉంటుంది. నేల మీద నిలబడ్డప్పుడు నీళ్లు దాని కిందే ఉండిపోతాయి. అందుకే రన్‌అప్ బాగా జరిగింది. ముక్కు ఎత్తి ఎక్కడం మొదలుపెట్టగానే నీళ్లు వెనక్కి పారి గొట్టంలోకి దూరాయి. ట్యాంకు మార్చే సెలెక్టర్ బోత్‌లో (రెండు ట్యాంకులూ తెరిచి) ఉంటుంది కాబట్టి ఎడమ ట్యాంకు నుంచి మంచి పెట్రోలు కూడా వచ్చింది. ఇంజిన్ పూర్తిగా ఆగకపోవడానికి కారణం అదే అయ్యుంటుంది.

మంచు కూడా తోడై ఉండొచ్చు, కాదనలేను. కానీ సీసాలో నీళ్లు కనబడ్డాక మంచు ఒక్కటే కారణమని రాయడం సరికాదు.

మీ ఇన్‌స్ట్రక్టర్ గారికి దండం పెట్టాలి. 250 అడుగుల్లో వెనక్కి తిరిగి రన్‌వే అందుకోవాలని చూసిన వాళ్లలో చాలామంది మలుపులోనే వేగం కోల్పోయి స్టాల్ అయి (రెక్కలకు ఎత్తే బలం పోయి) పడిపోయారు. ముక్కు దించి 65 నాట్లు పట్టుకుని ఎదురుగా ఏది దొరికితే దాని మీద దిగాలి. సమయం ఉంటేనే సెలెక్టర్ బోత్, మిక్స్చర్ రిచ్ (గాలిలో పెట్రోలు పాలు పెంచడం), కార్బ్ హీట్, మ్యాగ్నెటో చూసుకోవాలి. 250 అడుగుల్లో ఆ సమయం ఉండదు.

నరసన్నపేట_బంకు
పెట్రోలు బంకులో పద్నాలుగేళ్లుగా పని చేస్తున్నాను. మేము రోజూ భూమిలో ట్యాంకుకి డిప్ రాడ్ దించే ముందు దాని కొసకి వాటర్ పేస్టు రాస్తాం. నీళ్లు తగిలితే పేస్టు రంగు మారిపోతుంది. కంటికి పని పెట్టం.

ఇంకోటి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ నీటిని తనలో కలిపేసుకుంటుంది, కొంత దాకా గీత కనబడదు. హద్దు దాటితే ఒక్కసారిగా విడిపోయి అడుగున చేరుతుంది. చిన్న విమానాల్లో బంకు పెట్రోలు పోస్తారని విన్నాను, నిజమా?

డేగా_రిటైర్డ్
రోటాక్స్ 912 లాంటి ఇంజిన్లు బంకు పెట్రోలుతో నడుస్తాయి, మైక్రోలైట్లలో అవే ఎక్కువ. కానీ ఆ కంపెనీ ఒప్పుకునేది 10 శాతం ఇథనాల్ వరకే. 20 శాతం పోస్తే రబ్బరు గొట్టాలు, సీళ్లు ఏమవుతాయో చెప్పలేం. ఈ పాత 172కి మాత్రం ఏవ్‌గ్యాసే. ఆ ఏవ్‌గ్యాస్ మొన్నమొన్నటి దాకా మొత్తం విదేశాల నుంచే వచ్చేది. 2022 సెప్టెంబరులో ఇండియన్ ఆయిల్ దేశంలోనే తయారైన దాన్ని విడుదల చేసింది, వడోదర రిఫైనరీది.

పలాస_తోట
తిత్లీ తుఫాను గుర్తొచ్చింది. 2018 అక్టోబరు 11. కరెంటు లేదు, ఊరి మంచినీళ్ల ట్యాంకు నింపడానికి జనరేటర్ అద్దెకు తెచ్చాం. పది నిమిషాలు నడిచి ఆగిపోయేది. ఇంజిన్ పోయిందని మెకానిక్ కోసం ఒక రోజంతా తిరిగాం, రోడ్ల నిండా చెట్లు. చివరికి చూస్తే డీజిల్ డ్రమ్ము మూత వదులుగా ఉండి వాన నీళ్లు దిగాయి. ఇంజిన్‌కి ఏ జబ్బూ లేదు. డ్రమ్ము పక్కకి వంచి అడుగు నీళ్లు తీసేశాక సాయంత్రానికి నీళ్లెక్కాయి. జనం బిందెలతో ఏడ్చినంత పని చేశారు ఆ రోజు.

పైడితల్లి_వీధి
బొబ్బిలి మేడమ్ గారూ, మంచు విషయంలో నేను తొందరపడ్డాను, ఒప్పుకుంటున్నాను. ఒక సందేహం. అహ్మదాబాద్‌లో కూలిన విమానానికి కూడా ఫ్యూయల్ అందలేదన్నారు కదా, అదీ ఇలాంటిదేనా?

కోరుకొండ_క్యాడెట్
కాదండీ. 2025 జూన్ 12 ప్రమాదం గురించి ప్రాథమిక నివేదికలో చెప్పింది, రెండు ఇంజిన్ల ఫ్యూయల్ స్విచ్‌లూ ఒక సెకను తేడాతో రన్ నుంచి కటాఫ్‌కి మారాయని. నీళ్ల సంగతి కాదు. ఎంతోమంది కుటుంబాల దుఃఖం అది, ఊహలు వద్దు.

నీళ్లు పెద్ద విమానాన్ని కూడా దించేశాయి. 2008 జనవరి 17న బీజింగ్ నుంచి లండన్ వచ్చిన బోయింగ్ 777 హీత్రూలో రన్‌వేకి ముందే గడ్డిలో పడింది. ఫ్యూయల్‌లో ఉన్న కొద్దిపాటి నీరు పైన చలికి మంచై, దిగే సమయానికి కదిలి, ఫ్యూయల్‌ని వేడిచేసే భాగం ముఖాన్ని మూసేసింది. రెండు ఇంజిన్లూ అడిగినంత పవర్ ఇవ్వలేదు. అందరూ బతికారు. ఆ తర్వాత ఆ భాగాన్ని మార్చి తయారు చేశారు. కారణం ఖచ్చితంగా తేల్చబట్టే మార్చగలిగారు.

నాగావళి77
వెంట్ వాదన వెనక్కి తీసుకుంటున్నాను, సీసా ఫోటో సంగతి నాకప్పటికి తెలీదు. కానీ పెట్రోలు ఉండి కూడా అందకపోవడానికి దారులు చాలా ఉన్నాయని గుర్తుంచుకోండి. జాన్ డెన్వర్ అనే అమెరికన్ గాయకుడు 1997 అక్టోబరులో తన సొంత చిన్న విమానంలోనే చనిపోయాడు. అందులో ట్యాంకు మార్చే పిడి ఎడమ భుజం వెనక ఉంది. దాన్ని తిప్పబోయి అదుపు తప్పాడని దర్యాప్తులో తేల్చారు. పిడి ఎక్కడుందన్నది కూడా ప్రాణం మీదికి తెస్తుంది.

గజపతినగరం_మెకానిక్
అన్నీ బాగున్నాయి. కుర్రాడికి ఒక మాట చెబుతాను, కోపం తెచ్చుకోవద్దు. నోరు మూసుకుని లైసెన్సు తెచ్చుకో. ఇంట్లో వాళ్లు భూమి అమ్మో అప్పు చేసో కట్టి ఉంటారు. స్కూలుతో తగువు పెట్టుకుంటే మిగతా గంటలు సాగదీస్తారు. రికార్డులో ఒక వాక్యం ఉంటే ఏం కొంప మునిగింది?

డేగా_రిటైర్డ్
గజపతినగరం వారూ, మీ మాటలో కుర్రాడి మీద అభిమానం ఉంది, కాదనను. కానీ ఆ వాక్యం వల్ల కొంప మునుగుతుంది. మంచు అని రాసేస్తే కేసు మూసేసినట్టే. మంచుకి ఎవరూ వాషర్ మార్చరు. అదే మూతతో అదే విమానం వానలో నిలబడి ఉంటుంది. రేపు ఇంకో పిల్లాడు తెల్లవారుజామున టార్చి వేసి తేట కప్పు చూసి "శుభ్రం" అంటాడు. వాడికి ఎదురుగా రన్‌వే మిగిలి ఉంటుందని ఎవరు హామీ ఇస్తారు?

నా సర్వీసులో నేర్చుకున్నది ఒకటే. ఎవరి తప్పో తర్వాత చూడొచ్చు, ఏ భాగం ఏం చేసిందో ముందు రాయాలి.

పార్వతీపురం_అమ్మ
ఆ ఇంకో పిల్ల మా అమ్మాయే అయితే? గజపతినగరం గారూ, మేమూ అప్పు చేసే పంపాం. అప్పు తీర్చుకుంటాం. దయచేసి ఆ అబ్బాయిని మాట్లాడనివ్వండి.

గజపతినగరం_మెకానిక్
అమ్మా, నేను అంతదూరం ఆలోచించలేదు. క్షమించండి.

కోరుకొండ_క్యాడెట్
తగువు అక్కర్లేదు తమ్ముడూ. జరిగింది జరిగినట్టు ఒక పేజీ రాయి. ఎన్ని గంటలకు డ్రెయిన్ చేశావు, వెలుతురు ఎలా ఉంది, ఎంతసేపు ఆగారు, ఏ ఎత్తులో ఆర్‌పీఎం ఎంత. నీ తప్పులు మొదట రాయి: కుడి కప్పు రంగు చూడలేదు, స్ట్రెయినర్ నమూనా పట్టలేదు, కార్బ్ హీట్ రెండోసారి లాగలేదు. తర్వాత సీసా ఫోటో పెట్టు. చివర్లో కుడి ట్యాంకు మూత వాషర్ పరీక్షించమని అడుగు. స్కూలు సేఫ్టీ బాధ్యుడికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకో. స్పందించకపోతే అదే కాగితం డీజీసీఏకి (విమానయానాన్ని పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ) పంపొచ్చు. ఇన్‌స్ట్రక్టర్ గారితో ముందే చెప్పు, ఆయనకు తెలియకుండా చేయొద్దు.

కళింగపట్నం_బోటు
చీకట్లో రంగు తెలియకపోతే ఒక పద్ధతుంది. రెండు చుక్కలు అరచేతిలో వేసుకో. పెట్రోలైతే చల్లగా తగిలి క్షణంలో ఎగిరిపోతుంది. నీళ్లైతే అలాగే ఉంటుంది.

డేగా_రిటైర్డ్
ఏవ్‌గ్యాస్‌లో సీసం ఉంటుంది మేస్టారూ, రోజూ చేతి మీద వేసుకోవడం మంచిది కాదు. తెల్ల కాగితం మీద వేసినా తెలుస్తుంది. పైగా పొరపాటున జెట్ ఇంధనం పోసినా అందులోనే బయటపడుతుంది. ఏవ్‌గ్యాస్ ఆరిపోతుంది, జెట్ ఇంధనం నూనె మరక వదులుతుంది.

కళింగపట్నం_బోటు
కాగితమే నయం. మా వాళ్లకీ అదే చెబుతాను.

ఆమదాలవలస_కుర్రాడు
మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి.

తిరిగి వెళ్లగానే ఇన్‌స్ట్రక్టర్ గారిని కలిశాను. కుడి కప్పు సంగతి చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "స్ట్రెయినర్ నమూనా నేను కూడా అడగలేదు" అన్నారు. పేజీ మీద ఇద్దరం సంతకం చేశాం.

కుడి మూత విప్పి చూశారు. వాషర్ గోరుతో నొక్కితే దిగలేదు, గాజు ముక్కలా గట్టిగా ఉంది, ఒక చోట చీలిక. ఎడమది మెత్తగానే ఉంది. రెండూ మార్చారు. మిగతా విమానాల మూతలు కూడా చూస్తున్నారు, ఇంకో దానికి అలాంటిదే దొరికింది. నా రికార్డులో మంచు అన్న వాక్యం ఇంకా అలాగే ఉంది, దాని కింద "ఫ్యూయల్‌లో నీరు కనుగొన్నారు" అని చేర్చారు. నాకది చాలదు, మళ్లీ అడిగాను, చూస్తామన్నారు. స్ట్రెయినర్‌కి మాత్రం ఇప్పుడు ఇద్దరం వెళ్తున్నాం, ఒకరు పిడి, ఒకరు కప్పు.

నాగావళి77
మళ్లీ అడుగు. వదలొద్దు.

డేగా_రిటైర్డ్
ఆ రెండో మూత దొరికిందన్నావు చూడు బాబూ, ఆ మాట నాలుగుసార్లు చదివాను.

పార్వతీపురం_అమ్మ
మా అమ్మాయి నిన్న ఉదయం విమానం రెక్క కింద నిలబడి వీడియో కాల్ చేసింది. వెనక తెల్ల కాగితం పెట్టి కప్పు చూపించింది, నీలంగా ఉంది. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది, చూపించింది ఒక రెక్కదే. మళ్లీ చేశాను. రెండోది కూడా చూపించాకే వెళ్లమన్నాను.